దోటి ఈటె అయిన పొద్దు

ఎలుగుబంటిని దోటితో పొడిచి మూలపేట సముద్రం దాకా తరిమిన మొనగాడు ఉద్దానం మొత్తంలో తానొక్కడేనని హేమంత్ మేనమామ ఇంటి అరుగెక్కి ప్రకటించాడు. పిరికివాడికి పిల్లనివ్వనని మేనమామ ధర్మారావు పోయిన వారమే తేల్చేశాడు మరి. అందుకే పొద్దున్నే ఇంత శౌర్యం అవసరపడింది.

ధర్మారావు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. కూతురు ప్రవల్లిక ఆయన నడుముకి వేడి ఉప్పుమూటతో కాపడం పెడుతోంది.

"పనసకాయలు కోసుకునే దోటితోనా బావా?"

"మనిషి పుట్టినకాడ నుంచీ అంతే పిల్లా. కొడవలి కత్తవ్వనేదా? రోకలి గదవ్వనేదా? అలాగే మా దోటి ఈటైపోనాది."

"ఎలుగు ఎంతుందేటి?"

"ట్రాక్టరంత! మా జీడితోటలో, మంచులో నల్లగా వంగి కూసుంది, రాలిన జీడిపిక్కలేరుకుంటన్నట్టు. ఒక్కటే పోటు! సముద్రంలో దూకి ఒడిశా కేసి ఈదుకుంటా ఎల్లిపోనాది."

ధర్మారావు మెల్లగా తల తిప్పాడు. "అరిసిందేటిరా?"

"గట్టిగా అరిసింది మావా."

"ఏటని?"

"ఎలుగు ఏటని అరుత్తాది మావా? ఎలుగులాగే."

"'ఓలమ్మో, నడుం ఇరిగిపోనాదో' అననేదేటి?"

ధర్మారావు కూతురి వైపు తిరిగాడు.

"అమ్మా, తలుపెనకాల ఉన్నది తే."

ప్రవల్లిక తెచ్చింది. పొడుగాటి వెదురు దోటి. పట్టుకునే చోట హేమంత్ నాయనమ్మ జగదాంబ చుట్టిన ఎర్రగుడ్డ అలాగే ఉంది.

"నేను నల్లగొంగడి కప్పుకుని పిక్కలేరుకుంటంటే ఎనకనుంచి ఈ దోటొచ్చి నడుం మీద పడ్డాది. కర్రవైపు తగిలింది కాబట్టి బతికినాను. తిరిగి సూత్తే తుప్పలంట నీ ఈపు కనబడింది. అయినా అది మీ తోటేటిరా? నా తోట! దోటట్టుకుని నా తోటలోకి ఎందుకొచ్చినావు?"

హేమంత్ ప్రవల్లిక వైపు చూశాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఉప్పుమూట ఎప్పుడో నేల మీద పడింది.

"దొంగవా, పిరికోడివా? ఒకటే సెప్పు," అన్నాడు ధర్మారావు.

"రెండూనే మావా. పనసకాయ కోసమే వచ్చినాను. నువ్వు కదిలేసరికి ఎలుగ్గొడ్డనుకుని దోటి ఇసిరేసి లగెత్తినాను." హేమంత్ తల దించుకున్నాడు. "మూలపేట సముద్రం దాకా ఎల్లిన మాట మాత్రం నిజమే మావా. ఎల్లినోడ్ని నేనే."