పొగ తుడిచిన కుంచె

నేను ఒక కుంచెను. పెద్ద పెద్ద బొమ్మలు వేసే రకం అనుకునేరు, కాదు. జానెడు కర్ర, దాని కొసన మహా అయితే పాతిక వెంట్రుకలు, అంతే నా ఆస్తి. ఆ వెంట్రుకలు ఉడుత తోకవని నన్ను అమ్మిన రాజమండ్రి కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు. కొట్టువాళ్ళ ఒట్లు మీకు తెలియనివా!

నన్ను కొన్నవాడు కొమ్మోజు మాణిక్యాచారి. గోదావరి పాయల మధ్య మొగలంక అనే ఊళ్ళో ఫోటో స్టూడియో నడిపేవాడు. తాతతండ్రులది కంసాలి పని, అందుకే చెయ్యి వణికేది కాదు. నాతోపాటు ఒక ఎర్రరంగు సీసా కూడా కొన్నాడు. నెగటివ్ మీద నేను ఆ ఎరుపు పూసిన చోట వెలుతురు దూరదు. ఫోటో కాగితం మీద అక్కడ తెల్లగా వస్తుంది. ఇక చూసుకోండి, మొటిమలు, మచ్చలు, కళ్ళకింద నలుపులు, నా బారిన పడి బతికి బట్టకట్టినవి లేవు. అద్దం నిజం చెబితే దాన్ని తిట్టుకునే మనుషులు, నేను అబద్ధం చెబితే మురిసిపోయి ఇంటికి పట్టుకెళ్ళేవారు.

అలా ఉండగా ఊరికి తూర్పున కంపెనీ దిగింది. కొబ్బరితోట నరికి, భూమికి బొక్క పెట్టి, చమురు తోడటం మొదలెట్టింది. చమురుతో వచ్చే వాయువును తగలెయ్యడానికి తాటిచెట్టంత గొట్టం నిలబెట్టింది. గొట్టం మూతిన మంట, మంట నెత్తిన నల్లటి పొగ, ఆగేది లేదు. మొదట్లో జనం తీర్థానికి వెళ్ళినట్టు వెళ్ళి చూసొచ్చారు.

ఆ ఏడే పితాని మంగతాయారు పెళ్ళి. మెట్టినిల్లు గొట్టానికి కూతవేటు దూరం. పందిట్లో తీసిన ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది గానీ, పెళ్ళికూతురి తల వెనక పొగ సాగింది. ఫోటో చూసి ఆ పిల్ల బావురుమంది.

"పెళ్ళి బొమ్మలో కాటిపొగేంటండీ ఆచారిగారూ? అరిష్టం కదండీ. తీసేద్దురూ, మీకు పుణ్యముంటాదండి, ఆయ్."

ఆచారి తీశాడు. అంటే నేను తీశాను. ఆకాశం అప్పుడే కడిగి ఆరేసినట్టు వచ్చింది.

ఇక అదే ఆనవాయితీ అయింది. 'పొగూరి పిల్లను చేసుకోం' అని పై ఊళ్ళవాళ్ళు సంబంధాలు తప్పించసాగారు. దాంతో పెళ్ళిచూపుల ఫోటోలోనూ పొగ ఉండకూడదు, ఓణీల వేడుకలోనూ ఉండకూడదు. పన్నెండేళ్ళు తుడిచాను. ఎంత తుడిచినా పొగ ఎక్కువైంది గానీ తగ్గలేదు. ఏటేటా రంగు ఇంకాస్త ఎక్కువ పట్టేది. నాకు లోపల భయం పుట్టింది, కానీ కుంచె మాట ఎవరు వింటారు?

కొబ్బరి పిందెలు పిందెలుగానే రాలాయి. బావినీళ్ళ మీద నూనెతెట్టు తేలింది. ఆరేసిన బట్టలకు మసి పట్టింది. మంగతాయారు కూతురు హంసవేణికి ఎనిమిదేళ్ళు. నాలుగడుగులు వేస్తే పిల్లికూతల్లాంటి ఆయాసం, ఆపైన దగ్గు. పొగకు దూరంగా ఉంచకపోతే పిల్ల దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఉన్నదొక్క కొంప, దాన్ని వదిలి పిల్లతో ఎక్కడికి పోతుంది తల్లి? అందుకే మంగతాయారు ఆడవాళ్ళను కూడగట్టి, ఆ మంట ఆర్పించమని అర్జీ పెట్టింది.

విచారణకు ఊళ్ళోని సర్కారు ఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. కంపెనీ మనిషి మర్యాదగా నవ్వాడు. "పొగ రెండేళ్ళ నుంచేనండి. పిల్లల దగ్గులు, తోటల తెగుళ్ళు అంతకుముందువి. కాదంటే రుజువు చూపించమనండి."

పాత పొగ చూపిద్దామని ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తి పెళ్ళి ఆల్బములు తెచ్చారు. పొగ తుడిపించుకున్న సంగతి ఒక్కరికీ గుర్తు లేదు! ఆ ఫోటోల్లో ఎప్పుడూ తమ మొహాలే చూసుకున్నారు గానీ ఆకాశం చూడలేదు. కంపెనీ మనిషి ఒక్కొక్క పేజీ తిప్పి, "ఇంత శుభ్రమైన ఆకాశం నేనెక్కడా చూడలేదండి" అన్నాడు. ఆచారి జేబులో ఉన్న నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికి గుర్తొచ్చి, మంగతాయారు నేరుగా స్టూడియోకొచ్చింది. "నేనే తీయించానండి. నా నోటితో నేనే అడిగాను. మళ్ళీ తెప్పించగలరా?"

ఆచారి అటకమీది నెగటివ్ పెట్టెలన్నీ దించాడు. అతుకు వేస్తే విప్పుకునేలా వెయ్యాలని కంసాలి తండ్రి నేర్పిన మాట, అందుకే ఎప్పుడూ నీళ్ళకు పోయే రంగే వాడాడు. తడిదూదితో తుడిస్తే ఎరుపు కారిపోయింది, పొగ తిరిగొచ్చింది. కొత్త ఫోటోలు ఏళ్ళ వరసన దండేనికి వేలాడాయి. మొదటి ఫోటోలో పొగ జడంత, తోట చిక్కగా. చివరి ఫోటోలో పొగ ఆకాశమంత, తోట పళ్ళూడిన నోరులా. పెళ్ళిళ్ళు తీస్తున్నాననుకున్న ఆచారి, ఊరు చచ్చిపోవడం తీశాడు.

మళ్ళీ విచారణ. ఆఫీసరు పొగ ఉన్న ఫోటో, లేని ఫోటో పక్కపక్కన పెట్టుకుని తికమకపడ్డాడు. "అసలు ఎలా తీశావయ్యా?"

అక్కడే కొంప మునిగింది. పనివాడికి పని చూపించమంటే ఒళ్ళు మరిచిపోతాడు కదా! ఆచారి ఒక నెగటివ్‌ను కిటికీ అద్దానికి ఆనించి, నన్ను జేబులోంచి తీసి, నాలుగు గీతల్లో పొగ మాయం చేశాడు. ఆఫీసరు నోరెళ్ళబెట్టాడు.

కంపెనీ మనిషి చిన్నగా అన్నాడు. "తీసెయ్యడం వచ్చిన చేతికి పెట్టడం రాదా సార్?"

అంతే. నెగటివ్‌లు పరీక్షకు హైదరాబాదు వెళ్ళాయి. నన్ను కవర్లో పెట్టి, లక్క వేసి, ఆఫీసు బీరువాలో పడేశారు. రిపోర్టు వచ్చేదాకా మంట మండుతూనే ఉంటుందన్నారు. ప్రతి సోమవారం బీరువా అవతల మంగతాయారు గొంతు వినబడేది. "రిపోర్టొచ్చిందాండి?" రాలేదు.

మొన్న ఆఫీసరుకు బదిలీ అయింది. సిబ్బందితో ఆఫీసు ముందు గ్రూపు ఫోటో దిగాడు. తీసింది ఆచారే, ఊళ్ళో ఇంకెవరున్నారు? ఫోటో రాగానే ఆఫీసరు గొంతు విసుగ్గా వినబడింది.

"ఏంటయ్యా ఇది, నా నెత్తిమీద ఈ పొగ? తీసెయ్, దరిద్రంగా ఉంది."

"కుంచె మీ బీరువాలోనే ఉందండి, సీలేసి" అన్నాడు ఆచారి. అని, ఫోటో బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

బీరువా తలుపు తెరుచుకుంది. సీలు విప్పుతారేమోనని వణికాను. విప్పలేదు. ఫోటోను బోర్లించి నామీద పెట్టి, తాళం వేశారు.

ఆవేళ సోమవారం. వరండాలో హంసవేణి దగ్గుతోంది. ఎన్నో తుడిచినదాన్ని, ఆ దగ్గును తుడిచే రంగు మాత్రం నా దగ్గర లేదు.