సోమరులన్నది ఎవరు?

చొక్కాలు కుట్టే షెడ్డులో బొత్తాలకు కాజాలు తీసే ఆవిడను చిన్నా పెద్దా అందరూ కాజాలత్త అనే పిలిచేవారు. పదకొండేళ్లు ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పిన మనిషి. ఎవరైనా వాక్యాన్ని వంకరగా చెబితే ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

ఆ నెలలో యజమాని ఓ గంట పని పెంచాడు. సాయంత్రం ఐదింటికి పని ముగించి లేవాల్సిన ఆడవాళ్లు ఆరు దాకా మిషన్ల మీదే. గొణుగుడు మొదలైంది. దాన్ని అణచడానికి ఆయన బోధకుడైన తన బావమరిదిని పిలిపించాడు.

భోజనాల వేళ గుడ్డ మూటల మధ్య మైకు పెట్టారు. ముప్పై మందికి మైకెందుకో! అత్త మూతి తిప్పుకుంది.

"ఇశ్రాయేలీయులు ఐగుప్తులో బానిసలెందుకయ్యారు?" బోధకుడు చెయ్యెత్తాడు. "సోమరితనం వల్ల! పని చెబితే మొహం మాడ్చుకునేవాళ్లకి దేవుడు వేసిన శిక్ష అది!"

యజమాని కళ్లు మూసుకుని తలూపాడు. అత్త చేతిలో ముద్ద కంచంలో పడేసింది. చంకలో పుస్తకం పెట్టుకు తిరగడమే గానీ, ఈ మహానుభావుడు దాన్ని విప్పి చూసిన పాపాన పోలేదు. చెయ్యి కడుక్కొచ్చి నిలబడింది.

"అయ్యగారూ, సోమరులన్న మాట ఎక్కడుందో కాస్త చదివి వినిపిస్తారా?"

"నిర్గమకాండంలో ఉందమ్మా."

"ఐదో అధ్యాయం, పదిహేడో వచనం. చదవండి."

ఆయన వెతికి చదివాడు. చదువుతూనే గొంతు తగ్గించాడు. మైకు మాత్రం తగ్గించలేదు.

"ఆ మాటన్నది దేవుడా?"

"...ఫరో."

"మట్టిలో కలిపే గడ్డి ఇవ్వకుండానే ఇటుకలు తగ్గకూడదన్న రాజు! అసలు కారణం మొదటి అధ్యాయంలోనే ఉంది. వీళ్లు పెరిగారు, బలపడ్డారు. కరువులో ఆ దేశాన్ని కాపాడిన యోసేపు చేసిన మేలు ఎరగని కొత్త రాజుకి గుండెల్లో రాయి పడింది. భయమండీ, సోమరితనం కాదు."

"అదంతా దేవుని చిత్తం. వీళ్ల మూలపురుషుడు అబ్రాహాముకు ఆయన ముందే చెప్పాడు!"

"జరుగుతుందని చెప్పాడు. చేయించినవాళ్లకి తీర్పు తీరుస్తానని కూడా అక్కడే చెప్పాడు. ఆ ముక్క మింగేశారేం?"

కాలర్లు కుట్టే పిల్ల కిసుక్కుమంది. ఆపైన షెడ్డంతా నవ్వే. బోధకుడు పుస్తకం మూసి, సైగ చేసి మైకు ఆపించాడు.

యజమాని మొహం కందగడ్డయింది. "రేపట్నుంచి నువ్వు ఇస్త్రీ బల్ల దగ్గరికి పో!"

"పోతాను సార్," అంది అత్త, పురుగును చూసినట్టు చూసి.

ఆ సాయంత్రం సరిగ్గా ఐదింటికి అత్త మిషను ఆపి లేచింది. పక్కమనిషి లేచింది. ఆ వరుసంతా లేచింది. యజమాని గుమ్మానికి అడ్డంగా వచ్చాడు.

"ఎక్కడికి?"

"ఇళ్లకి," అన్నారు ముగ్గురు నలుగురు ఒక్కసారే.

ముప్పై మందిని ఆపడం ఆయన తరం కాలేదు. పక్కకు తప్పుకున్నాడు. ఆ మర్నాడూ ఐదింటికే లేచారు. పెంచిన గంట ఊసు యజమాని మళ్లీ ఎత్తలేదు.

అత్త మాత్రం నాలుగు నెలలు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. సాయంత్రానికి కాళ్లు వాచేవి. యజమాని అటుగా వెళ్లినా తలెత్తేది కాదు. అక్కడ చూడదగ్గ మనిషెవరూ లేరని ఆవిడ అభిప్రాయం.