రేకు మీద నీళ్లు

నాది పాతికేళ్లుగా పెయింటింగ్ పని. లక్డారం నర్సింహులు రంగేస్తే ఎండకు చెదరదని పాశమైలారంలో పేరు. ఆ పేరును నేనే తగలేసుకున్నాను.

బీరమ్మ పెద్దమ్మది కంపెనీల మధ్య రేకుల హోటల్. కప్పూ గోడలూ కొత్త జింకు రేకులే, పొద్దంతా ఎండే. ఏ రంగు ఆగుతుందో నువ్వే చూసి వెయ్యమని పని మొత్తం నా చేతుల్లో పెట్టింది. జింకు రేకును ముందు బాగా రుద్ది, అడుగుపూతగా దానికంటూ ఉన్న ప్రైమర్ కొట్టి, ఆపైన ఎండకు ఆగే రంగు వెయ్యాలి. ఈ ముక్క నాకు తెలియక కాదు. ఎక్కడో గేట్లకు కొట్టగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ డబ్బాలు ఇంట్లో పడున్నాయి. అది ఇనుమును పట్టుకుంటుంది గానీ జింకును పట్టుకోదు. అయినా అదే పూసి, పైన మామూలు నీలం రంగు కొట్టి చేతులు దులుపుకున్నాను.

మార్చిలోనే పెచ్చులు లేచాయి. ఆమె ఫోన్ చేసింది. మధ్యాహ్నాలు లోపల చల్లబడాలని ఆమె గోడల మీద నీళ్లు చల్లుతుందని నాకు తెలుసు. కాలిన రేకు మీద నీళ్లు కొడితే రంగు లేవదా మరి, అని ఎదురు దబాయించాను. పాపం, తప్పయిందని ఆమే అంది.

మే నెలలో అటు పోతూ భోజనానికి ఆగాను. లోపల అడుగు పెడితే ఒళ్లు భగ్గుమంది. పొయ్యి ముందు బీరమ్మ చెమటతో తడిసి ముద్దయి ఉంది. ఎనిమిదేళ్ల మనవరాలు మహిత నన్ను చూసి మొహం తిప్పుకుంది. గోడ మీద రంగు సగం ఊడిపోయింది.

"నువ్వు చెప్పినప్పటి సంది నేనైతే ఒక్క సుక్క సల్లలే బిడ్డా. అయినా పోతనే ఉంది. ఇంకేం తప్పు జేస్తున్ననో జెర సూడు," అంది.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఛీ, నా బతుకు! చెయ్యి కడుక్కుని, బయటికి పోయి, పైపు తీసి గోడ మీద నీళ్లు కొట్టసాగాను. ఉన్న రంగు కూడా పోతుందని ఆమె పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పోనీ పెద్దమ్మా. తప్పు నీళ్లది కాదు, నాది. రంగే సక్కగ ఎయ్యలే. నీతోని అబద్ధం చెప్పిన. మొత్తం గీకి మళ్ల ఏస్త."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిడితే బాగుండనిపించింది. ఆమె మాత్రం గుమ్మంలో నిలబడ్డ మహిత వైపు చూసింది.

"ఉడుకవోస్తుందని ఇది మొన్న గోడకు బిందెడు నీళ్లు గుమ్మరిచ్చింది," అంది మెల్లగా. "గట్లయితే నేను దీన్ని ఉత్తగనే కొట్టిన్నా?"