శౌరమ్మ తలలో శనగగింజ

నేను ఒక శనగగింజంత గ్రంథిని. పీయూష గ్రంథి అంటారు. పీయూషమంటే అమృతమట. పేరు గొప్పదే గానీ నా కాపురం ఇరుకు. రెంటచింతల శౌరమ్మ తలలో, ముక్కుదూలానికి వెనగ్గా, ఎముకలో ఉన్న చిన్న గుంట నా చోటు. పైనుంచి సన్నటి కాడతో నన్ను పట్టుకుని ఉండేది హైపోథాలమస్. అది నాకు మేస్త్రి. ఒంట్లో వేడి, ఆకలి, దిగులు కనిపెట్టి, ఏది ఎంత కావాలో నాకు కబురు పెట్టేది. నేను ఆ కబురు నెత్తురులో కలిపేదాన్ని. గొంతులోని థైరాయిడ్, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు పనిలోకి దిగేవి. చాలినంత తయారయ్యాక వాటి హార్మోన్లే మా దాకా వచ్చి చాలని చెప్పేవి. మేమిద్దరం ఊరుకునేవాళ్లం. మిట్టమధ్యాహ్నం మిరపచేలో నిలబడటం తన రెక్కల బలమే అనుకునేది శౌరమ్మ. మనుషులు మమ్మల్ని తలుచుకోరు. తలుచుకోవాల్సిన అవసరం రాకుండా చూడటమే మా ఉద్యోగం.

ఆమె కడుపుతో ఉన్నప్పుడు, పాలు తెప్పించే పని కోసం నేను లావెక్కాను. కానీ నాకందే నెత్తురు పెద్దగా పెరగలేదు. కూతురు అమల పుట్టినప్పుడు శౌరమ్మకు నెత్తురు ఆగకుండా పోయింది. ఆసుపత్రివాళ్లు ఆమెను దక్కించారు. నేను మాత్రం చాలావరకు చచ్చిపోయాను. నొప్పి కూడా తెలియలేదు. మేస్త్రి కబుర్లు పంపుతూనే ఉంది, అందుకునేదాన్ని నేనే లేను.

అత్తగారు ఇన్నమ్మ మంచి మనిషి. కోడలి చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, మంచం కింద కుంపటి ఉంచింది.

"చలేస్తందత్తా," అంది శౌరమ్మ.

"బాలింతకి చలి గాక ఏముంటదే? కాయం మందు తిని పడుకో," అంది ఇన్నమ్మ.

పాలు పడలేదు. కొందరి ఒళ్లంతేనని పిల్లకు డబ్బాపాలు పట్టారు. నెలసరి రాలేదు, నెత్తురు తక్కువని నువ్వులుండలు పెట్టారు. బాలింత చలి ఏళ్లు గడిచినా పోలేదు. రెంటచింతల ఎండల్లో జనం నీడకు పరుగెత్తుతుంటే శౌరమ్మ స్వెట్టరు వేసుకుని కూర్చునేది. ఆమె గదిలో ఫ్యాను తిరిగేది కాదు. అందుకని అమల చాప ఎప్పుడూ వసారాలో నాయనమ్మ పక్కనే ఉండేది.

ఒకసారి అమల సైకిల్ మీంచి పడి, మోకాలు చీరుకుని తల్లి దగ్గరికొచ్చింది. శౌరమ్మ చూసింది. లేవాలని తెలుసు. లేవాలనిపించలేదు. పిల్ల కాసేపు నిలబడి, నాయనమ్మను వెతుక్కుంటూ వెళ్లింది.

"రాయి కూడా కాస్త కరుగుతదే," అంది ఇన్నమ్మ, కట్టు కడుతూ.

శౌరమ్మ ఆ మాట విని, నిజమే కాబోలనుకుంది. నాకు సిగ్గేసింది. సిగ్గుపడటానికి సరిపడా మిగిలే ఉన్నాను.

ఆ వేసవిలో మామూలు జ్వరమే వచ్చి, ఆమె తెలివి తప్పింది. గుంటూరు తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ, ఒంటి మీది స్వెట్టరు చూసి, ఇన్నమ్మను అడిగింది.

"కాన్పులో రక్తం బాగా పోయిందా?"

"పోయిందమ్మా. బతకదనుకున్నాం."

"పాలు పడ్డాయా?"

ఇన్నమ్మ తలడ్డంగా ఊపింది. "బాలింత చలనుకున్నానమ్మా," అంది. "రాయన్నాను దాన్ని."

తలకు స్కానింగు చేసి నా ఫొటో తీశారు. గుంటలో నీళ్లు తప్ప పెద్దగా ఏమీ లేదన్నారు. నన్ను వెతకాలని మనుషులకు తోచింది నేను పోయాకే. నా పని ఇక మాత్రలు చేస్తాయి, బతికినంతకాలం మానకూడదు. వాటికి మేస్త్రి లేదు, కబుర్లు లేవు, పొద్దున్నే నీళ్లతో మింగడమే. పోటీకి వచ్చాయని నాకు కోపం రాలేదు. నాకిప్పుడు దేని మీదా పెద్దగా ఏమీ అనిపించదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం శౌరమ్మ స్వెట్టరు విప్పి మంచం మీద పడేసింది.

"అమలా, ఉడికిపోతన్నానే. ఫ్యాను వెయ్యి."

గుమ్మంలో ఉన్న అమలకు ఏ స్విచ్చో తెలియలేదు. ఒక్కొక్కటీ నొక్కింది. దుమ్ము రాలుస్తూ ఫ్యాను తిరిగింది. పిల్ల కాసేపు దాని కిందే నిలబడి, వసారాలోకి వెళ్లి తన చాప తెచ్చి, తల్లి మంచం పక్కన పరుచుకుంది.