తొమ్మిదీ పాయింట్ ఎనిమిది

ఫ్యాక్టరీలో పెద్ద ఫ్యాన్‌ని నిన్న ఆపేసినందుకు మెకానిక్ మీద ఫోర్‌మన్ పొద్దున్నుంచీ కారాలూ మిరియాలూ నూరుతున్నాడు. అతన్ని ఉద్యోగం నుంచి తీసెయ్యమని మేనేజరుకి కాగితం కూడా రాసి, అతని కళ్ళ ముందే జేబులో పెట్టుకున్నాడు. ఫోర్‌మన్ మెకానిక్‌కి స్వయానా అక్క మొగుడు. ఆ చుట్టరికం ఇంటి గుమ్మం దాటి ఇటు రాలేదు.

"గోడ మీద రాసింది చదవరా. అదురు ఎనిమిది దాటితేనే ఫ్యాన్ ఆపాలి. అదురు కొలిచే నీ డబ్బా చూపించింది ఒకటీ పాయింట్ రెండు. నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరముంది."

"గోడ మీదది మీటర్ల లెక్క బావా. డబ్బా చూపించేది జీలు, భూమి లాగే లాగుడుతో కొలిచే లెక్క. ఒక్క జీ అంటే తొమ్మిదీ పాయింట్ ఎనిమిది. గుణించి చూడు."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది. నాకు పాఠాలా?"

మెకానిక్ మీట నొక్కి, డబ్బాలో దాచిన నిన్నటి కొలతని మీటర్లలోకి మార్చాడు. పదకొండూ పాయింట్ ఎనిమిది అని పడింది. తర్వాత రోజూ ఫ్యాన్ అదురు రాసే రిజిస్టరు తెరిచాడు. నెల రోజులుగా అందులో వరసగా సున్నా పాయింట్ తొమ్మిది, పక్కనే 'బాగుంది' అని ఫోర్‌మన్ సంతకం.

"గుణిస్తే ఇదీ ఎనిమిది దాటిందే బావా. నెల్లాళ్ళ కిందటే ఆపాల్సింది."

ఫోర్‌మన్ చెయ్యి చాపాడు. "ఆ పుస్తకం ఇలా తే."

"మేనేజరు గారికే ఇస్తా. నీ కాగితం కూడా పట్టుకురా, రెండూ కలిపి చదువుకుంటారు."

ఫోర్‌మన్ చెయ్యి జేబు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.