తూకం చెయ్యి

ఊళ్లో అందరూ అతన్ని తూకం అనే పిలిచేవారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, చెయ్యి తెచ్చిపెట్టిన పేరు. గుప్పెడు గింజలు తీసి చల్లాడంటే ఎక్కడా ఒత్తు కాకుండా, ఎక్కడా పలచబడకుండా చేనంతా ఒకేలా మొలిచేది. విత్తే రోజుల్లో అతని గుమ్మం ముందు జనం చేరేవారు. "మా చేలోనూ నాలుగు గుప్పెళ్లు చల్లిపెట్టవయ్యా తూకం" అని బతిమాలేవారు. అతను కాస్త బెట్టు చేసి మరీ కదిలేవాడు. ఉండదా మరి, ఆపాటి గర్వం!

యుద్ధం వచ్చి అతన్ని కాల్బలంలో వేసింది. ఇతను రాయి విసిరితే అనుకున్న చోటే పడుతుందని ఆఫీసరు ఇట్టే కనిపెట్టేశాడు. ఇంకేం, చేతిబాంబులు అప్పగించారు. గింజలు చల్లిన చేత్తోనే వాటినీ విసిరాడు. అవి ఎవరి మీద పడ్డాయో చూడ్డానికి ఎన్నడూ తల ఎత్తలేదు. వానా చలీ అని లేకుండా మోకాలిలోతు నీళ్ల కందకాల్లో నానాడు. నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాడు. ఒక చలికాలంలో వేళ్లు పాలిపోయాయి. రంగు మళ్లీ వచ్చింది గానీ స్పర్శ రాలేదు. డాక్టరు సూదితో పొడిచి చూసి, "ప్రాణం దక్కింది, అది చాలనుకో" అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. తుపాకీ పట్టుకోవడానికి ఆ వేళ్లు సరిపోతాయట! యుద్ధం అయ్యేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి, తను వెళ్లేటప్పుడు తల్లి కడుపులో ఉన్న కూతురు గడపలో నిలబడి "ఎవరు కావాలి?" అని అడిగింది.

భార్య సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇన్నేళ్లూ ఆమె తమ్ముడొచ్చి విత్తి వెళ్లేవాడు. వాడి పనితనం అంతంత మాత్రం. "ఇక నువ్వు రానక్కర్లేదురా, మీ బావ వచ్చేశాడు" అని ఆ రోజే చెప్పేసింది. "అంతేలే అక్కా, నాతో అవసరం తీరిందిగా" అని వాడు మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు.

వేళ్ల సంగతి చెప్పేద్దామనే అనుకున్నాడతను. కానీ చెప్పడం మొదలుపెడితే వేళ్ల దగ్గర ఆగుతుందా? కందకాల సంగతి చెప్పాలి, బాంబుల సంగతి చెప్పాలి. అంత ఓపిక ఎక్కడిది? పైగా భయం. ఆ చెయ్యి కూడా లేదంటే ఈ ఇంట్లో తనెవరు?

వాన పడింది. ఇంట్లో మిగిలినవి ఆ విత్తనాలే, అవి సరిగా మొలవకపోతే ఏడాదంతా పస్తులే. గింజలు ఒడిలో పోసుకుని పొద్దున్నే చేలోకి దిగాడు. గుప్పిట్లో ఎన్ని వచ్చాయో తెలియాలంటే విప్పి చూసుకోవాలి. "తూకం దిగాడ్రోయ్!" అని దారిన పోయేవాడెవడో సంబరంగా కేకేశాడు. అతను నవ్వాడు. నవ్వడానికి కూడా అలుపొచ్చింది.

మొలకలొచ్చాయి. ఒకచోట గుబురుగా, ఒకచోట గుండు కొట్టించినట్టు. జనం చూసి, చూడనట్టే పోయారు. ఒక్కడైనా వేళాకోళం చేస్తే బాగుండుననిపించింది. పరువు పోయినందుకు కాదు, పిల్లకేం పెట్టాలో తోచక గట్టు మీద కూలబడ్డాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు ముందే తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"వచ్చిన మర్నాడే పొయ్యి మీది గిన్నె వట్టి చేత్తో దించావు. ఉలిక్కి కూడా పడలేదు. బొబ్బలెక్కితే గుడ్డ చుట్టి దాచుకున్నావు. నేనేమన్నా గుడ్డిదాన్నా?"

అతనికి ఒళ్లు మండింది. "తెలిసీ గింజలు నా చేతికెందుకిచ్చావే? ఉన్నవన్నీ అవే కదా! మీ తమ్ముణ్ని పిలిస్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తావేమోనని చూశాను. గింజలు ఒడిలో పోసేటప్పుడు చూశాను, చివరి గుప్పెడు దాకా చూశాను. పంట పోతే పోయింది, కూలికెళ్లి బతుకుదాం. నువ్వు వచ్చావని ఊరంతా అంటోంది. నాకైతే ఇంకా వచ్చినట్టు లేదయ్యా."

అతను అరచేతులు విప్పి చూసుకున్నాడు.

"గింజలది కాదే నా బాధ" అన్నాడు చివరికి. "పిల్లని ఎత్తుకుని బుగ్గ నిమిరాను. ఏమీ తెలీలేదు. రోజూ నిమిరి చూస్తున్నా, ఏమీ తెలీడం లేదు." ఆమె వైపు తిరిగాడు. "మెత్తగా ఉంటుందా?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే కసిరింది.

"పిచ్చి మారాజా! వేళ్లే కదా చచ్చింది, మూతి బాగానే ఉందిగా. ముద్దు పెట్టుకుని చూసుకోరాదూ?"

అతనికి లేచే ఓపిక లేదు. ఆమే రెక్క పట్టి లేపి, ఇంటివైపు నడిపించింది.