ఎడమవైపు బయటి ఇంజను

నిచ్చెన బల్ల మీద మోకరిల్లి విల్ఫ్రెడ్ ఆక్స్‌టబీ ఇంజను రేకుకు మరలు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. చేతికి తొడుగులుంటే మర పట్టు దొరకదు, తీసేస్తే వేళ్లు ఇనుముకు అతుక్కుంటాయి. అందుకని తొడుగుల వేళ్ల కొనలు కత్తిరించేశాడు. బయటికి పొడుచుకొచ్చిన ఆ వేళ్లు పగిలి, పగుళ్లలో నూనె నల్లగా నిలిచిపోయింది. అది ఏ సబ్బుకూ వదలదు. బెవర్లీలో వదినగారింట్లో ఉంటున్న భార్య ఐవీ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ చేతుల్ని బల్ల కింద దాచుకుని కూర్చుంటాడు.

వయసు నలభై మూడు. పొట్టి మనిషి. ముప్పై ఏళ్లుగా బళ్ల కింద దూరి పనిచేయడంతో ఒక భుజం కిందికి జారిపోయింది. పద్నాలుగో ఏట హల్ నగరంలో ఓ చిన్న బస్సుల డిపోలో చేరి, యుద్ధం వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. యుద్ధం వచ్చాక బస్సులు పోయి విమానాలు వచ్చాయి. మర మరే, నూనె నూనే అనుకున్నాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు.

ఇప్పుడు అతను బాగుచేస్తున్నది పాత బాంబరు. జర్మనీ మీదికి ఎన్నోసార్లు వెళ్లొచ్చి, ఇక యుద్ధానికి పనికిరాదని, కొత్త కుర్రాళ్లకు నేర్పడానికి ఈ యార్క్‌షైర్ విమాన మైదానానికి పంపేసిన నాలుగింజన్ల బండి. రెక్కల మీద అతుకుల మీద అతుకులు.

"ఏమయ్యా విల్ఫ్, ఇంకా దాన్ని లాలిస్తూనే ఉన్నావా?" కింద నుంచి సార్జెంటు క్రాబ్‌ట్రీ గొంతు. మెకానిక్కులందరికీ పెద్ద అతనే. "దానికి జ్వరం లేదు. జ్వరం ఆ కుర్రాడికి."

"నేలమీద లేదు చీఫ్."

"నేలమీద లేనిది పైన ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?"

కుర్రాడంటే డన్‌స్టన్ పెల్. ఇరవై ఏళ్ల పైలట్. గత వారంలో రెండుసార్లు పాఠం సగంలో వదిలేసి వెనక్కి తిరిగొచ్చాడు. ఏడువేల అడుగులు దాటగానే ఎడమవైపు బయటి ఇంజను వేడెక్కిపోతోందంటాడు. కిందికి దిగాక చూస్తే ఏమీ ఉండదు. విల్ఫ్రెడ్ నీటి గొట్టాలు మార్చాడు, జల్లెడ కడిగాడు, ఇంజనును గంటసేపు తిప్పి చూశాడు. వేడి చూపే ముల్లు కదల్లేదు. మూడోసారి కూడా తిరిగొస్తే ఆ కుర్రాడి పేరు పక్కన పిరికివాడని రాస్తారు. చేతి మీది హోదా పట్టీలు పీకేసి, అందరూ చూస్తుండగా పంపేస్తారు. కిందటి నెలలో ఒకణ్ణి అలాగే పంపారు. వాడు సంచి మోసుకుంటూ గేటుదాకా నడిచాడు. ఒక్కడూ పలకరించలేదు.

"సంతకం పెట్టు. పదకొండింటికి లేస్తుంది," అని క్రాబ్‌ట్రీ బండి బాగుందని రాసిన కాగితం పైకి అందించాడు.

విల్ఫ్రెడ్ కాగితం అందుకున్నాడు గానీ పెన్సిలు తీయలేదు.

యుద్ధానికి మూడేళ్ల ముందు ఒక డ్రైవరు అతని దగ్గరికొచ్చి, బ్రేకు మెత్తగా తగులుతోందయ్యా అన్నాడు. విల్ఫ్రెడ్ డిపోలోనే తొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. నీ కాలే మెత్తబడిందిలే అని నవ్వి సంతకం పెట్టాడు. మర్నాడు వాన. సంతవీధి మలుపులో ఆ బస్సు ఆగలేదు. ఉతికిన బట్టల బుట్టతో రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది. విచారణలో మెకానిక్ తప్పేమీ లేదని తేల్చారు. అందరూ వచ్చి అతని భుజం తట్టారు. ఆవిడ పేరు మాత్రం అతనికి ఇప్పటికీ నోట్లోకి రాదు. గుర్తు లేక కాదు.

"నేను కూడా వెళ్తాను చీఫ్," అన్నాడు.

"నువ్వా? ఈ నిచ్చెన ఎక్కితేనే కళ్లు తిరుగుతాయంటావు!"

"కళ్లు తిరిగినా ముల్లు కనపడుతుందిగా."

క్రాబ్‌ట్రీ పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత భుజాలు ఎగరేసి, సంతకం తిరిగొచ్చాక పెడుదువుగానీ అని, పారాచూట్ తెచ్చుకోమన్నాడు.

పదిన్నరకి లారీలోంచి ఏడుగురు కుర్రాళ్లు దిగారు. పెల్ అందరికన్నా వెనక దిగాడు. గడ్డం గీసుకుంటూ రెండుచోట్ల కోసుకున్నాడు. విల్ఫ్రెడ్ పారాచూట్ పట్టీలతో కుస్తీ పడుతుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మీరు కూడా నమ్మడం లేదు కదా తాతా?"

"నమ్మడానికి కాదు బాబూ, చూడ్డానికి వస్తున్నా. చూస్తే రాస్తా. నేను రాస్తే ఈ బండి ఇక లేవదు."

"ఏమీ కనపడకపోతే?"

విల్ఫ్రెడ్ పట్టీ బిగించుకున్నాడు. "అప్పుడు కూడా ఉన్నదున్నట్టే రాస్తా."

పెల్ తల ఊపాడు. ఆ మాట విన్నాక ఎందుకో అతని ముఖం కొంచెం తేటపడింది.

"తాతకి కిటికీ పక్క సీటివ్వండ్రా!" తోక తుపాకీ దగ్గర కూర్చునేవాడు అరిచాడు. "టిక్కెట్టు తీశావా తాతా?"

"బస్సులవాణ్ణిరా నేను. నాకు పాస్ ఉంది."

విమానం లేచినప్పుడు విల్ఫ్రెడ్ పైలట్ వెనక ఇనుప కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి చేలు, కంచెలు, మంచు పట్టిన రోడ్లు కింద పరిచి ఉన్నాయి. దూరంగా బెవర్లీ చర్చి జంట గోపురాలు రెండు అగ్గిపుల్లల్లా కనిపించాయి. ఐవీ ఈ వేళప్పుడు దుంపలు తొక్క తీస్తూ ఉంటుంది. మీ ఇంటి మీంచి పోయానని చెబితే నమ్మదు. ఆ తర్వాత అతను కిందికి చూడలేదు. ముల్లునే చూశాడు.

నాలుగువేల అడుగులు. ఐదువేలు. ముల్లు బుద్ధిగా ఉంది. ఆరువేల దగ్గర కళ్లజోడుకు ఆవిరి పట్టింది. తుడుచుకుని పెట్టుకున్నాడు. ఏడువేల దగ్గర ముల్లు కదిలింది. మొదట అది విమానం ఊపనుకున్నాడు. మళ్లీ కదిలింది. ఇక ఆగలేదు, నిదానంగా ఎర్రగీత వైపు పాకింది.

అతనికి భయం వేయలేదు. సంతోషం వేసింది. వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది.

మాట్లాడే గొట్టం మూతికి దగ్గరగా పెట్టుకుని, "బాబూ, నువ్వు చెప్పింది నిజం. ఆపెయ్ దాన్ని," అన్నాడు.

పెల్ గొంతు, బడిపిల్లాడి గొంతులా సన్నగా, "థాంక్స్ తాతా," అంది.

ఎడమవైపు చివరి పంకా తిరగడం మానేసింది. రేడియో కుర్రాడు కిందికి కబురు పంపాడు. మూడింజన్లతో ఇల్లు చేరడం పెద్ద పనేమీ కాదు. పెల్ విమానాన్ని తిప్పాడు. కానీ ఆ గంటలోనే సముద్రం మీంచి మబ్బు వచ్చి కొండల్ని కప్పేసింది. మైదానం దొరకాలంటే మబ్బు కిందికి దిగాలి. దిగారు. అద్దాలకు మంచు పేరుకుంది.

లోపలి ఇంజను దగ్గు విల్ఫ్రెడ్‌కు ముల్లు కంటే ముందే వినపడింది. అదీ ఎడమవైపుదే. రెండుసార్లు దగ్గి, మూగపోయింది.

విమానం ఎడమకు ఒరిగింది. కుడివైపు రెండింజన్లూ దాన్ని చుట్టూ తిప్పేస్తున్నాయి. దాన్ని నిలబెట్టడానికి పెల్ కుడికాలితో పెడల్‌ను చివరిదాకా తొక్కిపట్టాడు. తొడ వణుకుతోంది.

"తాతా, కాలు ఆగడం లేదు."

విల్ఫ్రెడ్ కింద మోకరిల్లి, సీటు పక్కనుంచి దూరి, కుర్రాడి బూటు పక్కనే రెండు చేతులూ పెట్టి పెడల్‌ను తోశాడు. జారిపోయిన భుజంతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు. విమానం కొంచెం నిటారుగా లేచింది.

"నిలబడింది. నిలబడింది తాతా. వదలకండి."

"వదల్లేదు బాబూ."

మబ్బు ఒకచోట పలచబడింది. విల్ఫ్రెడ్ తల ఎత్తి చూశాడు. ఆకాశం ఉండాల్సిన చోట గోధుమరంగు కొండవాలు, దాని మీద రాతిగోడ, గోడ వెంట పరిగెత్తుతున్న గొర్రెలు ఉన్నాయి. అతను చేతులు తీయలేదు.

కబురు రెండున్నరకి వచ్చింది. కొండ మీద గొర్రెల కాపరి పోలీసు ఠాణా దాకా నడిచి వెళ్లి చెప్పాడట. ఎనిమిదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

మెకానిక్కుల షెడ్డులో విల్ఫ్రెడ్ జతగాడు ఆల్ఫ్ స్పైట్ ఒక్కడే ఉన్నాడు. క్రాబ్‌ట్రీ లోపలికొచ్చి తలుపు మూశాడు. టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు.

"రేడియోలో చెప్పారు," అన్నాడు. "ఎడమ బయటిది ఆపేశాం, మెకానిక్ కళ్లారా చూశాడు, అని. కుర్రాడు చెప్పింది నిజమే."

"అయితే ఇప్పుడు ఆ మాటే రాసుకోండి చీఫ్," అన్నాడు ఆల్ఫ్.

క్రాబ్‌ట్రీ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "బెవర్లీకి, వాళ్లావిడ దగ్గరికి నేనే వెళ్తా."

"గట్టిగా చెప్పండి," అన్నాడు ఆల్ఫ్ అతని వైపు చూడకుండా. "హల్‌లో బాంబు పడి వాళ్లిల్లు కూలిన రోజు నుంచి ఆవిడకి సరిగా వినపడదు. మెల్లిగా చెబితే రెండోసారి చెప్పాల్సొస్తుంది."

క్రాబ్‌ట్రీ వెళ్లిపోయాడు. షెడ్డు చల్లబడుతోంది. ఆల్ఫ్ లేచి, బొగ్గు వేద్దామని పొయ్యి తలుపు తీసి, ఇనుప చువ్వతో బూడిద కదిలించాడు. చువ్వకు ఏదో మెత్తగా తగిలింది. బయటికి లాగాడు. బంగాళాదుంప. పొద్దున వెళ్లబోయే ముందు విల్ఫ్రెడ్ తిరిగొచ్చి తినొచ్చని బూడిదలో కప్పెట్టినట్టున్నాడు. ఆల్ఫ్ దాన్ని గుడ్డతో తుడిచి విల్ఫ్రెడ్ బల్ల మీద పెట్టాడు. తొక్క నల్లగా మాడి ఒకచోట పగిలింది. ఆ పగులులోంచి సన్నగా ఆవిరి వస్తూనే ఉంది.